బంజరు అని వ్రాసిన భూమి
(బొబ్బిలి యువజనుల సమావేశమున చేసిన ఉపన్యాసము)



ఎడారి భూములను గూర్చియు, వానియందలి పురుగులను గూర్చియు బొబ్బిలిలో ఉపన్యసింప మేము పూనుకొనుట మీలో కొందఱికి వింతగా తోచవచ్చును. వేగావతి మన చెంతనే పాఱుచున్నది. మన జిల్లాలో ఏటేట సగటున 1,100 మిల్లీమీటర్ల వాన కురియుచున్నది. ఇసుకతిన్నె లెచ్చట, బొబ్బిలి యెచ్చట అని మీ రడుగుట న్యాయమే. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకే మేము వచ్చితిమి.

ఎడారి యనగా ఎచ్చటనో పుట్టి గాలితో మన మీదికి నడచివచ్చు ఇసుక యని సామాన్యులు తలచుచుందురు. అది సగము మాట. 1994లో ప్రపంచరాజ్యములు ఒక ఒడంబడిక చేసికొన్నవి. 1996లో భారతదేశ మందు చేరినది. వానకొఱత గల ప్రాంతములయందు ప్రకృతి వైపరీత్యము చేతను మనుష్యుని చేతల చేతను భూమి సారము చెడిపోవుటయే ఎడారీకరణమని ఆ ఒడంబడిక నిర్వచించినది. ఇస్రో వారు ఉపగ్రహ చిత్రములతో తయారుచేసిన పటముల ప్రకారము ఇట్లు చెడిన భూమి, చెడుచున్న భూమి 2003-05 నాటికి దేశవైశాల్యములో 28.76 శాతము; 2018-19 నాటికి 29.77 శాతము, అనగా 9 కోట్ల 78 లక్షల హెక్టార్లు. పదిహేనేండ్లలో ఒక శాతమే గదా యని తేలికగా చూడరాదు. ఆ యొక్క శాతము 33 లక్షల హెక్టార్లు.

మన తెలుగునాట ఈ వ్యాధి ముదిరినచోటు అనంతపురము సీమ. 2022లో ఆ జిల్లా రెండుగా విభజింపబడినది. అచ్చటి సగటు వాన ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, అనగా మనకు కురియుదానిలో సగము. రాయదుర్గము వైపున బొమ్మనహాళ్, కణేకల్లు ప్రాంతములలో వేదవతీ నదీగర్భమునుండి నైరుతిగాలి లేపిన ఇసుక పొలములపై తిన్నెలుగా పేరుకొని యున్నది. ఎడారిని చూడదలచినవారు రాజస్థానమునకు పోనక్కఱలేదు.

మేము న్యాయవాద వృత్తిలో నున్నవారము గనుక మా దృష్టి ముందుగా దస్తావేజుల మీదికి పోవును. గ్రామలెక్కలలో కొన్ని భూములకు బంజరు, గయాళు, పోరంబోకు అని పేర్లు కలవు. ఈ మాటలు శాస్త్రజ్ఞుడు పెట్టినవి గావు; శిస్తు వసూలు చేయువాడు పెట్టినవి. నాగలి సాగని భూమి వాని కంటికి వట్టిదే. ఆ భూమియందు గడ్డి యున్నదా, గడ్డిని నమ్ముకొన్న గొఱ్ఱెలున్నవా, గడ్డి మొదట పుట్టలు పెట్టిన చీమలున్నవా యని అతడడుగలేదు. దొరతనము మారినను ఆ లెక్కలలోని మాట మారలేదు. 2000 సంవత్సరమున మొదటిసారిగా వెలువడిన దేశపు బంజరు భూముల పటసంపుటములో సైతము గడ్డిబయళ్ళు, పొదలనేలలు పెక్కు ఆ పేరుతోనే చేరినవి. ప్రతివాదిని పిలువకయే, సాక్షులను విచారింపకయే చేసిన తీర్పును మేము ఏకపక్షపు తీర్పందుము. బంజరు అనుమాట అట్టి తీర్పు. ఆ భూమి తరఫు సాక్షులే ఈనాటి మా ప్రసంగమునకు విషయము.

ఈ సాక్షు లెవరు? మృగశిర వెళ్ళి ఆర్ద్ర వచ్చిన తొలకరిలో ఎఱ్ఱని పట్టువలె మెఱయుచు నేలమీద తిరుగు ఆరుద్రపురుగును మీరందఱు ఎఱుగుదురు. దానికి ఎనిమిది కాళ్ళుండుటచే శాస్త్రజ్ఞులు దానిని కీటకములలో చేర్పరు గాని, నేల బ్రతికియున్నదని రైతునకు తెలుపు మొదటి దూత అదియే. దాని వెంట ఉసిళ్ళు లేచును. వర్షము తక్కువైన నేలలో వానపాములకు బ్రతుకు లేదు. ఆ పని చెదపురుగులు చేయును. ఎండిన ఆకును, దంటును అవి మట్టిలో కలుపును. అవి త్రవ్విన సొరంగములగుండ వాననీరు లోపలికి దిగును. పేడపురుగు పేడను ఉండలు చేసి పాతిపెట్టి నేలకు ఎరువందించును. చీమ గింజలను మోసికొనిపోయి క్రొత్తచోట మొలిపించును. వీనికి కూలి యిచ్చువాడు లేడు. లెక్క వ్రాయువాడును లేడు.

చెదపురుగు చేయు పనికి దృష్టాంతము ఆఫ్రికాఖండములోనున్నది. బుర్కినా ఫాసో దేశమున యాకూబా సవడోగో అను రైతు 1980 ప్రాంతమున, కఱవుచే బండబాఱిన నేలలో వేసవియందే చిన్నగుంటలు త్రవ్వి వానిలో పేడ, ఆకుచెత్త వేసెను. గుంటలు త్రవ్వుట వారి పూర్వుల ఆచారమే. అతడు దానిని వెడల్పుచేసి బాగుపఱచెను. ఆ పేడకు చెదలు చేరినవి. చెదలు త్రవ్విన దారులలో నీరింకినది. ఆ గుంటలలో జొన్నయు, సజ్జయు, వానితోపాటు చెట్లును పెరిగినవి. చెదలను చంపుటకు మందు వెదకు మనకు, చెదలను పిలిచి నేలను దున్నించుకొన్న ఆ రైతు గురువు. 2018లో అతనికి అంతర్జాతీయ పురస్కారము లభించినది. 2023లో అతడు కీర్తిశేషుడయ్యెను. నమీబియా ఎడారిలో ఒకజాతి పెంకుపురుగు వేకువపొగమంచు వచ్చువేళ తిన్నెమీదికెక్కి తలక్రిందులుగా నిలిచి, తన వీపుమీద చేరిన నీటిబొట్లను నోటికి జాఱనిచ్చి త్రాగును. అట్టి పురుగులను పరిశీలించుటకే చార్లెస్ కోక్ అను పండితుడు 1960 తరువాత గోబబెబ్ అను చోట పరిశోధనాలయము నెలకొల్పినాడు. ఎడారి వట్టిదికాదని తెలియుటకు మోకాళ్ళపై వంగి చూచు ఓపిక కావలెను.

మన కడప సీమలోని కలివికోడి కథను మీరు వినియే యుందురు. 1900 తరువాత ఎవరికిని కనుపింపక, అంతరించినదని తలచిన యీ పక్షి 1986లో లంకమల ప్రాంతపు పొదలనేలలో మరల కనుగొనబడినది. దాని ఆహారములో ముఖ్యమైనవి చెదలు, చీమలు. పొదలను కొట్టి నేలను తిరుగవేసినచో చెదల తీరు మారును. చెదలు మారిన పక్షికి తిండి యుండదు. 2005లో తెలుగుగంగ కాలువపని ఆ నివాసములోనికి చొచ్చుకొనిపోగా అభ్యంతరములు బయలుదేరి తుదకు కాలువదారి మార్పవలసివచ్చినది. నంద్యాల వైపున రోళ్ళపాడు గడ్డిబయలును 1988లో బట్టమేకపక్షి కొఱకు అభయారణ్యము చేసిరి. మిడతలు, పెంకుపురుగులు ఆ పక్షికి ప్రధానాహారము. చుట్టునున్న గడ్డిబయళ్ళు సాగులోనికి వచ్చిన తరువాత నేడచ్చట ఆ పక్షిని చూడగలుగుట దుర్లభము. పక్షిని గూర్చి చట్టము వ్రాసితిమి. పక్షి తిను పురుగును, పురుగుండు గడ్డిని మఱచితిమి.

ఇక భూమి వాడుక మారినచో పురుగులకేమగునో విచారింతము. రెండు విధములుగ జరుగును: కొన్ని నశించును, కొన్ని మితిమీరి పెరుగును. నశించినదానికి అమెరికాలోని రాకీపర్వతపు మిడత నిదర్శనము. 1875లో అది ఆకాశమును కప్పివేసినది. 1902 తరువాత ప్రాణముతో ఒక్కటియు దొరకలేదు. అది గ్రుడ్లుపెట్టు కొండలోయలను వలసవచ్చిన రైతులు దున్ని, నీరుపెట్టి సాగుచేయుటయే కారణమని పలువురు శాస్త్రజ్ఞుల యభిప్రాయము. పెరిగినదానికి చైనాలోని ఇన్నర్ మంగోలియా నిదర్శనము. గొఱ్ఱెలను మితిమీరి మేపినచోట గడ్డిలో నత్రజని తగ్గును; అట్లు తగ్గిన గడ్డియే అచ్చటి యొకజాతి మిడతకు బాగుగ సరిపడునని 2012లో ప్రకటింపబడిన పరిశోధన తేల్చినది. భూమి నీరసించిన మిడతకూడ నీరసించునని మనమనుకొందుము. అది పొరపాటు.

మన థార్ ఎడారిలో వేఱొక వింత జరిగినది. 1958లో ఆరంభమైన రాజస్థాన్ కాలువ, నేడు ఇందిరాగాంధీ కాలువ, ఆ ఇసుకకు నీరు తెచ్చినది; గోధుమ పండినది; ఎవ్వరును కాదనలేరు. కాని కాలువకు ముందు ఇండ్ల నీటితొట్లలో పెరుగు ఒకజాతి దోమయే అచ్చటి మలేరియాకు ముఖ్యకారణముగ నుండెను. కాలువ ఊటలు, నీటిమడుగులు ఏర్పడిన పిమ్మట పల్లపు సాగుభూముల దోమ వచ్చి స్థిరపడినది. 1994లో అధికవర్షములు తోడై పశ్చిమరాజస్థానమున మలేరియా విజృంభించి పెక్కుమందిని బలిగొన్నది. కాలువ త్రవ్వరాదని మేమనుట లేదు. నీటితోపాటు ఏ పురుగు వచ్చునో ముందే లెక్కగట్టిన వైద్యమును ముందే సిద్ధపఱుపవచ్చును గదా!

మరల అనంతపురమునకు వత్తము. పూర్వమచ్చట కొఱ్ఱ, సజ్జ, జొన్న, అలసంద, కంది, ఆముదము కలిపి విత్తెడివారు. ఒకటి పోయినను ఒకటి నిలుచును. ఒకదాని పురుగును తిను పురుగు వేఱొకదానిపై నివసించును. వేరుశనగకు రొక్కపు ధర వచ్చినది. ఊరూర అదియే పంట యైనది. ఒకానొక దశలో ఆ యొక్క జిల్లాలోనే 7 లక్షల హెక్టార్లకు మించి వేరుశనగ విత్తిరి. కనుచూపుమేర ఒకే పైరు ఒకేసారి మొలచిన, దానిని తిను పురుగునకు అది పెండ్లిభోజనము. ఎఱ్ఱగొంగళిపురుగు గట్లమట్టిలో ఏడాది పొడుగున నిద్రించి తొలివానకు రెక్కలు తొడిగి లేచును. దాని పిల్లలు దండుకట్టి పొలమునుండి పొలమునకు నడచును.

2000 సంవత్సరమున అంతకుమించిన యాపద వచ్చినది. వేరుశనగకు కాండము కుళ్ళు తెగులు సోకి సుమారు రెండు లక్షల పాతిక వేల హెక్టార్ల పైరు దెబ్బతిన్నది. నష్టము 300 కోట్ల రూపాయలకు మించినదని అంచనా వేసిరి. కారణము వెదకగా తేలినదేమి? బీళ్ళలోను, బాటల ప్రక్కలను, గట్లమీదను వయ్యారిభామ మొక్క దట్టముగ అల్లుకొన్నది. తెగులు కలిగించు వైరసు దానిలో నుండును. దానికే రోగలక్షణమును కానరాదు. దాని పుప్పొడిని కంటికానని తామరపురుగు మోసికొనివచ్చి వేరుశనగ ఆకుపై రాల్చి ఆకును గీకును. ఆ గాటుగుండ వైరసు లోపలికి పోవును. చూచితిరా! పొలమునకు వెలుపలనున్న బీటి యలక్ష్యము, అన్యదేశమునుండి వచ్చిన కలుపు, ఆవగింజలో పదవవంతు లేని పురుగు, ఒకే పంటపై పెట్టుకొన్న ఆశ, ఈ నాలుగును కలిసి లక్షల సంసారములను కూల్చినవి. అందు ఏ యొక్కదానిని మాత్రమే చూచినవానికి కారణము బోధపడదు.

అదే సీమలో ఆశ కల్పించు వృత్తాంతమును కలదు. నేటి శ్రీసత్యసాయి జిల్లాలో కల్పవల్లి యను ప్రదేశమున్నది. అది లెక్కలలో బంజరు. 1990 తరువాత చుట్టుపట్ల గ్రామస్థులు, టింబక్టు కలెక్టివ్ అను సంస్థ తోడ్పాటుతో, ఆ బోడికొండలను నిప్పునుండి కాపాడి, విచ్చలవిడి మేపును అరికట్టి, వేలకొలది యెకరములను ప్రకృతి తనంతట పునరుద్ధరించుకొనుటకు విడిచిపెట్టిరి. బోద పెరిగినది, ఈతచెట్లు లేచినవి, వాగులు ఎక్కువకాలము పాఱినవి. రెండు దశాబ్దములు కాచిన పిమ్మట గాలిమరలు నిలుపుటకు ఆ కొండలమీద బాటలు త్రవ్విరి, వివాదము హరితన్యాయస్థానమునకెక్కినది. ఇందు మేము గమనించునది చట్టపు లోపము. 2006 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారము గాలిమరలకు ముందస్తు పర్యావరణానుమతి యక్కఱలేదు, సౌరఫలకములకును అంతియే. కర్నూలు వద్ద గని, శకునాల గ్రామములలో 2017 నాటికి 1,000 మెగావాట్ల సౌరక్షేత్రము సుమారు 5,900 యెకరములలో వెలసినది. బొగ్గుపొగ లేని విద్యుత్తు దేశమునకు కావలెను, మేమందులకు శత్రువులముగాము. అయితే బంజరు అని వ్రాసియున్నదను నొక్క కారణముచే ఆ భూమిలో ఏ ప్రాణియున్నదో చూడకయే అప్పగించుట ధర్మమా యని మాత్రమడుగుచున్నాము.

ఇప్పుడు మన గరువులకు వత్తము. మనతట్టు మెట్టభూములలో గోగు విరివిగా పండెడిది. గోగునారతో జనపనార మిల్లులు నడచెడివి. గోగు తగ్గినది, మొక్కజొన్న హెచ్చినది. 2018 మే నెలలో కర్ణాటకములో తొలిసారిగ కనుపించిన కత్తెరపురుగు, అమెరికాఖండములందు పుట్టి ఆఫ్రికామీదుగా వచ్చినది, ఆ సంవత్సరముననే ఆంధ్రదేశపు మొక్కజొన్నను చేరినది. ఎచ్చట మొక్కజొన్న ఎడతెగక యున్నదో అచ్చట దానికి బాట పఱచియున్నట్లే. మఱికొన్ని గరువులు నీలగిరి, సరుగుడు తోటలైనవి. వాని క్రింద ఏ పురుగు మిగిలినదో, ఏది పోయినదో ఎవరైన వ్రాసియుంచిరా? మన జిల్లా ఎడారికాదు, నిజమే. అనంతపురముకూడ ఒక్కనాట అట్లు కాలేదు.

పురుగుల లెక్క కూడు పెట్టునా యని యొక రైతుసోదరుడడుగవచ్చును. పెట్టును. మన మామిడిపూతకు పుప్పొడి చేర్చునవి ముఖ్యముగ ఈగలు. మన ప్రాంతమున పెరుగుచున్న ఆయిల్ పామ్ చెట్టునకు ఆఫ్రికా ముక్కుపురుగు కావలెను. ఆ పురుగును 1981లో మలేషియాకు తెచ్చువఱకు అచ్చటివారు కూలీలచేత పుప్పొడి చల్లించుకొనెడివారు. మన దేశమునకును దానిని తెచ్చుకొంటిమి. ఒక్క పురుగు వేలమంది కూలీల పని చేసినది. అక్షింతలపురుగు పేనుబంకను తినును. తూనీగ దోమను తినును. తెలియక చల్లిన మందు శత్రువుకంటె ముందు ఈ మిత్రులను చంపును.

ఏమి చేయవలెను? చట్టము మనకొక సాధనమిచ్చియున్నది. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానికసంస్థయు జీవవైవిధ్య యాజమాన్యసంఘము నేర్పఱుపవలెను. ఆ సంఘము ప్రజలతో కూడి ఊరి జీవవైవిధ్య పట్టికను వ్రాయవలెను. 2023లో చట్టము సవరింపబడినను ఈ బాధ్యత తొలగలేదు. ఆ పట్టికలో చెట్లు, పశువులు, ఓషధులు వ్రాయుదురు; పురుగుల పుట కూడ నిండవలెను. 1914లో ఫ్లెచర్ దొర దక్షిణదేశపు కీటకములపై మద్రాసునుండి గొప్ప గ్రంథము ప్రకటించెను. అది ముఖ్యముగ ఆర్థికదృష్టితో వ్రాసినది. తరువాత మన వై. రామచంద్రరావుగారు ఎడారి మిడతను ఏండ్లతరబడి పరిశీలించి వ్రాసిన గ్రంథమును 1960లో భారత వ్యవసాయ పరిశోధనమండలి ప్రకటించినది. ఆ గ్రంథములు పండితులవి. ఊరి పట్టిక ఊరివారిది.

పని కష్టము కాదు. ఒక గడ్డిబీడు, ఒక పొలము, ఒక నీలగిరితోట ఎన్నుకొనుడు. ఒక్కొకచోట పది గిన్నెలను, అంచు నేలమట్టమునకు సరిగానుండునట్లు పాతుడు. ఒకరాత్రి గడచిన తరువాత పడిన చీమలను, పెంకుపురుగులను లెక్కించి, తేది, చోటు, వాన, పైరు వ్రాసి తిరిగి విడిచిపెట్టుడు. రాత్రి తెల్లగుడ్డకు ఎదుట దీపము పెట్టి వచ్చినవానిని ఎన్నుడు. పేరు తెలియకున్న బొమ్మ గీయుడు, ఛాయాచిత్రము తీయుడు. మీ కళాశాల జంతుశాస్త్రోపాధ్యాయులను అడుగుడు. తొలకరి, శరత్తు, వేసవి, మూడుమార్లు, ఏటేట, అవేచోట్ల చేయవలెను. ఒక్కనాటి లెక్క కబురు. పదేండ్ల లెక్క సాక్ష్యము. ఎఱ్ఱగొంగళిపురుగును అణచుటకుకూడ తొలివాన పడిన రాత్రి ఊరంతయు కలిసి మంటలు వేసి రెక్కపురుగులను ఆకర్షించుట, వేసవిదుక్కితో కోశములను బయటపెట్టుట యను పద్ధతులున్నవి. ఒక్కడు చేసిన ఫలము లేదు. ఊరు చేసిన మందుడబ్బాతో పనిలేదు. స్వచ్ఛందసేవకుని యక్కఱ ఇందే.

సోదరులారా! రేపు మన గరువుమీదికి ఒక కర్మాగారమో, ఒక తోటయో, ఒక సౌరక్షేత్రమో రావచ్చును. వచ్చుట మేలు కావచ్చును, కీడు కావచ్చును. విచారణదినమున అధికారి, ఈ భూమిలో ఏమున్నదని అడుగును. అప్పుడు బంజరు అను నొక్కమాటయే మనచేతనుండిన వ్యాజ్యము ఓడినట్లే. పదేండ్ల పట్టిక మనచేతనున్న, ఎచ్చట కట్టవలెనో, ఎచ్చట విడువవలెనో నిశ్చయించుటకు అధికారికిని, కట్టువానికిని, మనకును ఆధారముండును. ఈ తొలకరికే మీ ఊరి బీటిలో మొదటి గిన్నె పాతుడు. సాక్షులు సిద్ధముగనున్నారు, పిలుచువారే కావలెను.